మన పుస్తకం ఎవరి ఫైల్ల ఉన్నది?

"అన్నా, పుస్తకం రాద్దామనుకుంటున్న. ఏ సాఫ్ట్‌వేర్ల రాయాలె?"

ఈ మధ్య యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి తమ్ముళ్లు, చెల్లెండ్లు నన్ను ఎక్కువగ అడుగుతున్న ప్రశ్న ఇది. మన సీనియర్లు కొందరు ఈ ప్రశ్నకు నవ్వుతున్నరు. "ముందుగాల రాసుడు నేర్చుకో, కంప్యూటర్ సంగతి డీటీపీ వాళ్లు చూసుకుంటరు" అంటున్నరు. ఉద్యమం గురించి అడగాల్సిన పిల్లలు మిషిన్ల గురించి అడుగుతున్నరని ఇంకొందరి బాధ.

ఆ నవ్వుకే ఇయ్యాల జవాబు రాస్తున్న. పిల్లలు అడిగిందే అసలు ప్రశ్న. మన మాట ఎవరి చేతుల ఉంటది? దాన్ని ఎవరు దిద్దుతరు? పదేండ్ల తర్వాత అది తెరుచుకుంటదా, తెరుచుకోదా? ఇవి రాజకీయ ప్రశ్నలు. మన తాతల కాలంల బడి తలుపు మూసిన్రు. మనం బడి దాటి, డిగ్రీ దాటి పుస్తకం రాసి, ఆ పుస్తకాన్ని తాళంచెవి మన దగ్గర లేని పెట్టెల పెట్టి వస్తున్నం. ఎవరూ బలవంతం చేయకుండనే.

తెలుగు పుస్తకం ఎట్ల తయారైతదో చూడండి. శాన ఏండ్ల సంది ఒకటే దారి. రాసేటోళ్లు కాగితం మీద రాస్తరు. డీటీపీ సెంటర్ల దాన్ని అను స్క్రిప్ట్ మేనేజర్‌తోని టైపు చేస్తరు. పేజ్‌మేకర్ల పేజీలు కడ్తరు. ప్రూఫులు దిద్దుతరు. ప్రింటుకు పోతది. ఐదు వందల కాపీలు మన చేతికి వస్తయి. ఫైల్ మాత్రం ఆ సెంటర్ కంప్యూటర్లనే ఉంటది. కంప్యూటర్ పాడైతే ఫైల్ పాయె. సెంటర్ మూతపడితే ఫైల్ పాయె. రెండో ముద్రణ కావాలంటే మళ్లా మొదటి అక్షరం నుంచి టైపు.

సరే, ఫైల్ దొరికిందే అనుకుందాం. దాంట్ల ఏమున్నది? తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఇచ్చిన జాగల్ల తెలుగు బొమ్మలను కూసోబెట్టిన ఫాంటు అది. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనబడ్తది. ఫాంటు తీసేస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు మిగులుతయి. కంటికి "క" కనబడ్తది గాని కంప్యూటర్‌కు అక్కడ "క" లేదు.

యూనికోడ్ పద్ధతి వేరే. ప్రపంచంల ఉన్న లిపులన్నిట్ల ప్రతి అక్షరానికీ ఒక సొంత నంబరు ఇచ్చిన ఏర్పాటు అది. 1991ల వచ్చిన మొదటి వెర్షన్లనే తెలుగు ఉన్నది. తెలుగుకు 128 జాగలు కేటాయించిన్రు. "క" నంబరు 3093. "మ" నంబరు 3118. కోట్‌పల్లిల టైపు చేసినా, అమెరికాల టైపు చేసినా అదే నంబరు. ఫాంటు మారితే అక్షరం అందం మారుతది, అక్షరం మారదు. 2001ల వచ్చిన విండోస్ ఎక్స్‌పీల తెలుగు కోసం గౌతమి అనే ఫాంటు ఇచ్చిన్రు. అంటే ఇది నిన్న మొన్నటి సంగతి కాదు, పాతికేండ్లు కావొస్తున్నది.

ఇప్పుడు ఒక పని చేయండి. అనుల చేసిన ఏదన్న దళిత కథల పుస్తకం పీడీఎఫ్ తెరిచి "మాదిగ" అని యూనికోడ్ల టైపు చేసి వెతకండి. రాదు. పుస్తకం నిండ ఆ మాట ఉంటది. అట్ట మీద కూడా ఉంటది. వెతికితే మాత్రం "ఏమీ దొరకలేదు" అంటది. ఎందుకంటే కాగితం మీద మన పేరు ఉన్నది గాని ఫైల్ లోపల లేదు. మాల, మాదిగ, డక్కలి, చిందు, బైండ్ల, బేగరి - ఈ పేర్లు రాయడానికి ఒక తరం ఎంత కొట్లాడిందో మనకు తెలుసు. 1995ల "చిక్కనవుతున్న పాట" సంకలనం రావడం తెలుగు కవిత్వంల ఒక మలుపు. అంత కొట్లాడి సంపాదించుకున్న పేర్లను మనమే వెతికితే దొరకని ఫైళ్లల్ల దాస్తే ఎట్ల?

గూగుల్ల కోట్‌పల్లి అని కొట్టండి. ప్రాజెక్టు నీళ్లు, కయాకింగ్ పడవలు, హైదరాబాద్ నుంచి ఆదివారం వచ్చిపోయేటోళ్ల ఫోటోలు వస్తయి. 1967ల కట్టిన ఆ కట్ట మీద మట్టి తట్టలు మోసినోళ్ల మాట రాదు. తాండూరు నాపరాయి గనుల్ల బండలు కొట్టి ఊపిరితిత్తులు పాడైనోళ్ల మాట రాదు. నేను రాస్తున్న పుస్తకం ఆ మాటల గురించే. వాడల్ల ముసలోళ్లు చెప్తుంటే రాసుకున్న ముచ్చట్లు అవి. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ లొల్లి నాకు పనికిమాలిన లొల్లి అనిపిస్తలేదు. రాసి కూడా దొరకకపోతే, రాయనట్టే లెక్క.

ఇంకొక మాట. కండ్లు కనబడని విద్యార్థులు మన క్యాంపస్‌లల్ల ఉన్నరు. వాళ్లు ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకుని పుస్తకాలు వింటరు. అను ఫాంట్ల ఫైల్ పెడితే అది తెలుగు చదవదు, ఆ పిచ్చి ఇంగ్లీషు గుర్తులు చదువుతది. సమానత్వం గురించి మూడు వందల పేజీలు రాసి, ఆ పిల్లలను గడప బయటనే నిలబెడుతున్నం.

ఇది అక్షరాల సంగతి. రెండోది దిద్దుబాట్ల సంగతి. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడనే.

కొన్నేండ్ల కింద ఒక సంకలనం కోసం మా దిక్కు ఒక ముసలమ్మ చెప్పిన ముచ్చట పంపిన. ఆమె మాట ఇది: "మా ఆయన పటేలు కాడ పదకొండేండ్లు జీతం ఉండె. నేను కైకిలి పోతుంటి." పుస్తకం అచ్చయి వచ్చినంక చూస్తే ఇట్ల ఉన్నది: "మా ఆయన పటేల్ గారి వద్ద పదకొండు సంవత్సరాలు ఉద్యోగం చేశారు. నేను కూలికి వెళ్ళేదాన్ని."

జాగ్రత్తగ చదవండి. పటేలుకు "గారు" వచ్చింది. ఆమె నోట్ల లేని గౌరవం ప్రూఫుల పుట్టింది. "జీతం ఉండుడు" అంటే పొద్దున కోడి కూయకముందు నుంచి నడిరాత్రి దాక దొర ఇంట్ల, కొట్టంల, పొలంల చాకిరి చేసుడు. అప్పుకు కట్టుబడి చేసిన చాకిరి. అది "ఉద్యోగం" అయింది. పదకొండేండ్ల గులామీని ఒక్క పదం మార్చి తుడిచేసిన్రు. దిద్దినోళ్లు చెడ్డోళ్లు కాకపోవచ్చు. తప్పు తెలుగును మంచి తెలుగు చేసినమనుకున్నరు. కులం ఎప్పుడూ కత్తి పట్టుకునే రాదు. ఒక్కొక్కసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూడా వస్తది.

1936 గుర్తు చేసుకోండి. లాహోర్ల జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు బాబాసాహెబ్‌ను సభకు అధ్యక్షునిగ పిలిచిన్రు. ఆయన రాసిన ఉపన్యాసం చదివి కొన్ని భాగాలు తీసేయమన్నరు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన తేల్చి చెప్పిండు. సభనే లేకుండ పోయింది. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతోని పుస్తకం చేసిండు. 1500 కాపీలు రెండు నెలల్ల అయిపోయినయి. ఇయ్యాల ప్రపంచమంత చదువుతున్న "కులనిర్మూలన" అట్ల మన చేతికొచ్చింది.

కామా దగ్గర కూడా రాజీ పడని మనిషి వారసులం మనం. మన పుస్తకంల ఎన్ని పదాలు మారినయో మనకే తెలియకుండ అచ్చుకు పంపుతున్నం.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ పనికొస్తది. ఎంఎస్ వర్డ్ల గాని, లిబ్రె ఆఫీస్ రైటర్ల గాని "ట్రాక్ చేంజెస్" అని ఒకటి ఉంటది. అది ఆన్ చేసి ఫైల్ పంపితే, అవతలోళ్లు ఒక్క అక్షరం కొట్టేసినా, ఒక్క "గారు" పెట్టినా రంగుల కనబడ్తది. ఎవరు మార్చిన్రు, ఎన్నడు మార్చిన్రు అన్నది కూడా ఉంటది. ఒప్పుకునేది ఒప్పుకోవచ్చు, కొట్టేసేది కొట్టేయొచ్చు. అవతలోళ్లు దాన్ని ఆపేసి దిద్దినా ఫికరు లేదు. మనం పంపిన ఫైల్, తిరిగి వచ్చిన ఫైల్ రెండూ పక్కపక్కన పెట్టి "కంపేర్" కొడితే తేడాలన్నీ బయటపడ్తయి. పేజ్‌మేకర్ల ఈ సౌలతు లేదు. అక్కడ మారింది మారినట్టే, జాడ ఉండదు.

మిషిన్లకు కూడా ఎర్ర పెన్ను ఉంటది. స్పెల్‌చెక్ పెడితే "కైకిలి" కింద ఎర్ర గీత. "గిట్ల" కింద ఎర్ర గీత. "ఉండె" కింద ఎర్ర గీత. ముసలోళ్ల మాటను వాయిస్ టైపింగ్‌కు వినిపిస్తే అది తనకు తెలిసిన తెలుగులకు మలుపుకుంటది. తాండూరు కందికి 2022ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఆ కంది కోసినోళ్ల భాషకు మాత్రం ఇంక ఎర్ర గీతనే.

దీనికి భయపడి మాట మార్చుకోవద్దు. ఆటో కరెక్ట్ బంద్ పెట్టండి. ఎర్ర గీత వచ్చిన ప్రతి మన మాట మీద రైట్ క్లిక్ కొట్టి డిక్షనరీల చేర్చండి. ఆ చేర్చిన మాటలన్నీ కంప్యూటర్ల ఒక ఫైల్‌గ ఉంటయి. దాన్ని ఒకరి నుంచి ఒకరం పంచుకోవచ్చు. వికారాబాద్‌ది ఒకటి, పాలమూరుది ఒకటి, శ్రీకాకుళంది ఒకటి జమ అయితే ఏ అకాడమీ చేయని నిఘంటువు మన చేతుల తయారైతది.

మూడోది పెట్టెల సంగతి.

1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ పోయిన్నాటికి ఆయన రాసి అచ్చు వేయని కాగితాలు ఎన్నో మిగిలిపోయినయి. అవి ఏండ్ల తరబడి పెట్టెలల్ల ఉన్నయి. మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంల ఆయన రచనల మొదటి సంపుటి తెచ్చేసరికి 1979 అయింది. "రిడిల్స్ ఇన్ హిందూయిజం" బయటికి వచ్చింది 1987ల. టైపు చేసిన కాగితాల కట్టలు విప్పుకుంటూ సంపాదకులు పని చేసిన్రు. కొన్ని అధ్యాయాలు అసంపూర్తిగనే దొరికినయి. రాజ్యాంగం రాసిన మనిషి రాతప్రతులకే ఆ గతి పట్టింది. మన వాడ మనిషి పెన్‌డ్రైవ్‌కు ఏ గతి పడ్తదో ఆలోచించండి.

రోహిత్ వేముల 2016 జనవరి 17న పోయిండు. ఆయన ఫేస్‌బుక్‌ల రాసినవి జమ చేసి అదే సంవత్సరం నిఖిలా హెన్రీ సంపాదకత్వంల "క్యాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్" అని పుస్తకం వేసిన్రు. ఆ రాతలు ఎవరి కంప్యూటర్లనో తాళం వేసి లేవు గనుక, అందరికీ తెరుచుకునే అక్షరాలల్ల ఉన్నయి గనుక అంత తొందరగ పుస్తకం అయినయి. అట్లని ఫేస్‌బుక్ మన బీరువా కాదు. అకౌంట్ మూస్తే అన్నీ పోతయి. ఈ వరుసల నేను రాసే ప్రతి పోస్టు ముందు నా ఫైల్ల ఉంటది, తర్వాతనే ఇక్కడికి వస్తది. మీరూ అట్లనే చేయాలె.

ఇగ సూటిగ జవాబు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మూడు ప్రశ్నలు అడగండి. నా అక్షరం నిజంగ తెలుగు అక్షరమేనా? ఎవరికీ కిరాయి కట్టకుండ, ఎవరి అనుమతి లేకుండ ఈ ఫైల్ రేపు తెరుచుకుంటదా? నా మాట ఎవరన్న మారిస్తే నాకు తెలుస్తదా? మూడింటికీ అవునంటేనే దాంట్ల పుస్తకం రాయాలె.

నా మటుకు నేను లిబ్రె ఆఫీస్ రైటర్ వాడుతున్న. పైసలు లేవు, విండోస్ల నడుస్తది, లినక్స్ల నడుస్తది, పాత కంప్యూటర్ల కూడా నడుస్తది. అది దాచే ఓడీటీ ఫార్మాట్ 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. ఒక కంపెనీ మూతపడినా ఆ ఫైల్ తెరిచే దారి ఉంటది. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ పెట్టుకుంటే ఎఫ్5 కొట్టంగనే పుస్తకం మొత్తం పక్కన జాబితాగ కనబడ్తది. ఏ అధ్యాయాన్నైనా పట్టి పైకి కిందికి జరపొచ్చు. ఇంగ్లీషుల రాసేటోళ్లు స్క్రివెనర్ కొనుక్కునేది శాన వరకు ఈ సౌలతు కోసమే. ఫుట్‌నోట్లకు నంబర్లు అదే వేస్తది. ఇది చిన్న విషయం అనుకోకండి. పేజ్‌మేకర్ల ఫుట్‌నోట్ పెట్టుడు అంత చేతిపని. ఆ బాధ పడలేక మనోళ్లు ఆధారాలు రాయకుండ వదిలేస్తరు. తర్వాత సెమినార్ల "దళిత రచయితల రాతలల్ల ఆవేశం ఉంటది, ఆధారం ఉండదు" అని వినాల్సి వస్తది.

వర్డ్ ఉన్నోళ్లు వర్డ్ల రాయండి, తప్పులేదు. దొంగ క్రాక్ మాత్రం వద్దు. వైరస్ వచ్చి థీసిస్ తినిపోతే మళ్లా మూడేండ్లు ఎవరిస్తరు? నలుగురు కలిసి రాసే పనికి గూగుల్ డాక్స్ మంచిది, పాత వెర్షన్లు కూడా దాస్తది. కాని అది వాళ్ల ఇల్లు, మనం కిరాయిదార్లం. వారానికొకసారి ఫైల్ దించి సొంతంగ పెట్టుకోవాలె. ఒక కాపీ కంప్యూటర్ల, ఒకటి పెన్‌డ్రైవ్‌ల, ఒకటి నమ్మకమున్న దోస్తు ఇంట్ల.

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి. మీ చేతిల ఉన్న చిన్న ఫోన్ టైపు చేసేది యూనికోడే. ఈ ముచ్చట మన సీనియర్లకు గట్టిగ చెప్పండి. పైసలు పెట్టి డీటీపీ చేయించిన ఫైల్ కంటె, హాస్టల్ మంచం మీద పండుకుని బొటనవేలితోని కొట్టిన రాత ఎక్కువ కాలం బతుకుతది.

ఎదురు వాదనలు నాకు తెలుసు.

"యూనికోడ్ల పేజీలు కుదరవు, అచ్చుకు పనికిరాదు" అంటరు. 2012ల వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచే తెలుగు యూనికోడ్ నడుస్తున్నది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001ల. పాతికేండ్ల కింద ఆగిపోయిన బండికి మన పుస్తకాన్ని ఎందుకు కట్టాలె?

"మంచి ఫాంట్లు లేవు" అంటరు. గూగుల్ ఫాంట్స్‌ల మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ ఉచితంగ ఉన్నయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ పేర్ల మీద కూడా ఉన్నయి. రాయల కొలువు వచ్చి కూసున్నది. జాషువా పేరు నాకు ఆ జాబితాల కనబడలేదు. డిజైన్ చదువుతున్న మన పిల్లలకు ఇదొక పని అప్పజెప్తున్న.

"డీటీపీ వాళ్ల పొట్ట కొడుతున్నవు" అంటరు. డీటీపీ అన్న మన శత్రువు కాదు, వాళ్లల్ల శాన మంది మనోళ్లే. మనం యూనికోడ్ ఫైల్ ఇస్తే టైపు బాధ తప్పి పేజీ అందం మీద పని చేస్తరు, దానికి పైసలు తీసుకుంటరు. ఒకటే షరతు. మన ఫైల్‌ను అనులకు మార్చి అక్కడ ప్రూఫులు దిద్దితే, ఆఖరి పుస్తకం అక్కడనే ఉండిపోతది, మన దగ్గర దిద్దని కాపీ మిగులుతది. అందుకే ప్రతి దిద్దుబాటు మన ఫైల్లకు కూడా రావాలె. అచ్చైన పుస్తకం యూనికోడ్ ఫైల్ రాసినోళ్లకు ఇయ్యాలెనని ముందే కాగితం మీద రాయించుకోవాలె.

"పెన్నుతోని రాసిన రాతల జీవం ఉంటది" అంటరు. రాయండి, ఎవరొద్దన్నరు? కాని టైపు చేసేటప్పుడు మీరే చేయండి, లేకుంటే మీ ఇంటి పిల్లలతోని చేయించండి. మీ "జీతం" ఉద్యోగం కాకుండ ఉండాలంటే అదొక్కటే దారి.

రేపు ఫోన్లకు, యంత్రాలకు తెలుగు నేర్పేది ఇయ్యాల తెరుచుకునే అక్షరాలల్ల ఉన్న తెలుగే. అండ్ల మన వాడ లేకుంటే అవి కూడా పటేలుకు గారు పెట్టే తెలుగునే నేర్చుకుంటయి. తర్వాత మనం మొత్తుకుంటే లాభం లేదు.

మన సంఘాల దగ్గర, పాత పత్రికల దగ్గర, సంకలనాలు వేసినోళ్ల దగ్గర అను ఫైళ్లు ఇంక బతికే ఉన్నయి. అవి తెరిచే కంప్యూటర్లు రోజుకొకటి తక్కువైతున్నయి. వాటిని యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నయి. మార్చినంక ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడ తప్పుతయి, మనిషి కూసుని అచ్చు పుస్తకంతోని సరిచూడాలె. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క పుస్తకం పట్టుకుంటే అయ్యే పని ఇది. ఎండాకాలం సెలవులు వస్తున్నయి. ఊరికి పోయేముందు మీ సంఘం ఆఫీసుల ఆ పాత కంప్యూటర్ ఒకసారి ఆన్ చేసి చూడండి, ఏ పుస్తకాలు ఉన్నయో పేర్లు రాసి పెట్టండి.

జై భీమ్.